పాతిక వేలకు పాట హక్కులు రాసివ్వవచ్చా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అచ్చంపేట దగ్గర ఊరు. అమ్మ దగ్గర నేర్చుకున్న నాటు పాట (వరి నాట్లేసేటప్పుడు పాడేది), దానికి మీరు కొత్తగా కట్టిన నాలుగు చరణాలు. స్టూడియోకూ, డోలక్ వాయించిన అబ్బాయికీ, వీడియో తీసినవారికీ కలిపి 18 వేలు మీరే పెట్టుకున్నారు. ఇప్పుడు హైదరాబాద్ యూట్యూబ్ ఛానల్ ఒకటి 25 వేలు ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టమంటోంది. అందులో "సర్వహక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇకపై రాబోయే అన్ని మాధ్యమాలలో" అని ఉంది. క్యాసెట్ల కాలంలో గాయకులకు ఎంత ఇచ్చేవారు, ఈ పాతిక వేలు న్యాయమేనా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ కాగితం మీద ఇప్పుడున్నది ఉన్నట్టుగా సంతకం పెట్టకండి. ఛానల్‌తో పని చేయడం తప్పు కాదు, రాసుకునే పద్ధతి వేరే ఉంది. అక్కడికి వచ్చేలోపు నా పాత కథ కొంత భరించాలి. మీకు వచ్చినలాంటి కాగితాలు నేను ఇతరుల చేత రాయించుకున్నాను. ఒకదాని మీద నేనే సంతకం పెట్టి మునిగాను కూడా.

1987లో నల్లగొండ గడియారం స్తంభం దగ్గర రికార్డింగ్ సెంటర్ తెరిచాను. స్టూడియో అనుకునేరు, కాదు. ఆరడుగుల మడిగె, రెండు క్యాసెట్లు పట్టే ఒక డబుల్ డెక్, గోడ నిండా క్యాసెట్లు. జనం తెల్లకాగితం మీద పాటల జాబితా రాసిచ్చేవారు. ఖాళీ క్యాసెట్‌లో ఆ పాటలన్నీ ఎక్కించి సాయంత్రానికి ఇచ్చేవాళ్లం. సి-60 అయితే పక్కకు అరగంట, సి-90 అయితే ముప్పావుగంట. సి-90లో టేపు పలుచన, ఎండాకాలం తొందరగా చుట్టుకుపోయేది. అందుకే తెలిసినవాళ్లు సి-60 అడిగేవారు. పని పూర్తయ్యాక క్యాసెట్ వెనక ఉండే రెండు ప్లాస్టిక్ చెవులు స్క్రూడ్రైవర్‌తో విరిచేయాలి, లేకపోతే ఇంట్లో పిల్లలు మీట నొక్కి పాట మీద తమ కేకలు రికార్డు చేసుకునేవారు. మళ్లీ దాని మీదే వేరే పాటలు కావాలంటే ఆ కంతల మీద సెలోటేపు ముక్క అంటించేవాళ్లం. వారానికొకసారి స్పిరిట్ ముంచిన దూదితో హెడ్ తుడవడం, రబ్బరు చక్రం తుడవడం. అదీ నా రికార్డింగ్ పరిశ్రమ.

మాటలు ఎందుకు దాచడం, చేసింది దొంగ వ్యాపారమే. 1984లోనే కాపీరైట్ చట్టాన్ని గట్టిచేసి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా పెట్టారు. మాకు ఆ సంగతి తెలుసు, మా దగ్గర పాటలు నింపించుకునే పెద్దమనుషులకూ తెలుసు.

ఇక డబ్బు సంగతి. ఈ దేశంలో రికార్డింగ్ వ్యాపారం మొదలైనప్పటి నుంచీ గాయకుడికి ఒక్కసారి ఇచ్చి పంపేయడమే రివాజు. 1902లో లండన్ గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ చేత పాడించాడు. ఆమె ఆ పనికి 3,000 రూపాయలు తీసుకుందని చెబుతారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. గ్రామఫోన్ ప్లేట్ల ముద్రణ జర్మనీలోని హానోవర్‌లో జరిగేది కాబట్టి, అక్కడి పనివాళ్లకు ఏ ప్లేటు ఎవరిదో తెలియడానికి అలా చెప్పించేవారు. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చాక గానీ ముద్రణ ఇక్కడ మొదలు కాలేదు. ప్లేటుకు వాడే సరుకులో ముఖ్యమైనది లక్క, లాడ్ బజారులో గాజులు చేసే లక్కే. లక్క మనది, గొంతు మనది; అచ్చు యంత్రమూ కాగితమూ వాళ్లవి.

ఆ ప్లేటు ఒక్కో పక్క మూడు నిమిషాలే. మన నాటు పాటకు కొలత ఉంటుందా? మడి ఎంత ఉంటే పాట అంత. గట్టు చేరాక ఆగుతుంది. కచేరీలో గంట పాడేవాళ్లు కూడా గ్రామఫోన్ కోసం మూడు నిమిషాలకు కుదించుకోవడం నేర్చుకున్నారు. ఆ అలవాటు సినిమా పాటకు వచ్చింది, ఈరోజు మీ వీడియోకూ వచ్చింది. మీ పాట 4 నిమిషాలకు ఎందుకు కుదించారని మిమ్మల్ని అడిగితే "అందరూ అంతే చేస్తున్నారు" అంటారు. నూట ఇరవై ఏళ్ల కిందటి లక్క ప్లేటు పెట్టిన గీత అది.

క్యాసెట్ ఆ గీతను కొంత చెరిపింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో కనిపెట్టిన ఆ చిన్న డబ్బా మన పల్లెలకు వచ్చేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. వచ్చాక మాత్రం ఆగలేదు. అప్పటిదాకా ఆ గ్రామఫోన్ కంపెనీ ముద్ర హెచ్ఎంవీదే రాజ్యం. ఢిల్లీ దరియాగంజ్‌లో పండ్లరసం కొట్టు నడిపిన కుటుంబం నుంచి వచ్చిన గుల్షన్ కుమార్ టీ-సిరీస్ పెట్టి, చవక క్యాసెట్లతో ఆ రాజ్యాన్ని కుదిపేశాడు. అప్పటి చట్టంలో, ఒకసారి రికార్డయిన పాటను వేరే గొంతుతో మళ్లీ పాడించుకోవాలంటే నోటీసు ఇచ్చి రాయల్టీ కడితే చాలన్న వెసులుబాటు ఉండేది. పాత హిందీ పాటలన్నీ కొత్త గొంతులతో దాని ఆసరాతోనే వచ్చాయి. ఆ దారి తర్వాత ఇరుకైంది. 2012 సవరణతో, మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఇంకో ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆగాలి, ఏటా కనీసం 50 వేల కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి.

గుల్షన్ కుమార్‌ను చూసి ఊరూరా చిన్న గుల్షన్ కుమార్లు పుట్టారు. నేనూ ఒకణ్ణి. కోఠి గుజరాతీ గల్లీలో ఖాళీ క్యాసెట్లు టోకున తెచ్చేవాణ్ణి. పెద్ద కంపెనీలకు అక్కరలేని పాటలు మా దగ్గర ఉండేవి: బతుకమ్మ పాటలు, ఎల్లమ్మ కథ, దేవరకొండ తండాల లంబాడీ పాటలు, చెర్వుగట్టు జాతర పాటలు. బొంబాయిలో కూర్చున్న కంపెనీకి ఇవి అమ్ముడవుతాయని తెలియదు. పాలమూరు నుంచి పనికి వలస వెళ్లేవాళ్లు సంచిలో టేప్ రికార్డరు, రెండు క్యాసెట్లు పెట్టుకుని పోయేవారని మాకు తెలుసు.

1994లో పెద్దగట్టు జాతర ముందు ఒక ఒగ్గు కథ బృందాన్ని హైదరాబాద్ స్టూడియోకు తీసుకుపోయాను. బీరప్ప కథ. ఊళ్లో అయితే రాత్రి భోజనాల తర్వాత మొదలై కోడి కూసేదాకా సాగుతుంది. నా దగ్గర ఉన్నది సి-60. పెద్దాయనకు చెప్పాను, "తాతా, అరగంటకు ఒక పక్క అయిపోతుంది, అక్కడ ఆపాలి" అని. "కథ మధ్యలో ఆపితే దేవుడు ఊరుకుంటాడా" అన్నాడు. గంటకు ఇంత అని స్టూడియో అద్దె నడుస్తోంది, వాదించే వ్యవధి లేదు. ఇరవై ఎనిమిదో నిమిషం దగ్గర సైగ చేస్తాను, మీరే ఎక్కడో కట్టేయండి అన్నాను. ఆయన చేసిన పని ఇప్పటికీ మరచిపోలేను. నా చెయ్యి చూశాడు, డోలు తగ్గించమని కళ్లతోనే చెప్పాడు, గొర్రెల మంద అడవిలో దారి తప్పిన చోటికి కథను నడిపించి, "ఆ మంద ఏమాయెనో" అని గొంతు దించి ఆగిపోయాడు. టేపు మలుపును ఆయన కథ మలుపు చేశాడు. జాతరలో ఆ క్యాసెట్ విన్నవాళ్లు రెండో పక్క తిప్పడానికి టేప్ రికార్డరు మీద పడేవారు.

ఆ బృందానికి నేను ఇచ్చింది 1,500 రూపాయలు, రెండు పూటల భోజనం, బస్సు చార్జీలు. ఖాళీ క్యాసెట్, నింపడం, రంగుల కాగితం అన్నీ కలిపి నాకు క్యాసెట్‌కు పన్నెండున్నర రూపాయలు పడింది. షాపులకు 16కు వేశాను. నాలుగు వేల క్యాసెట్లు అమ్ముడుపోయాయి. స్టూడియో ఖర్చు తీసేసినా పెద్దాయన ఏడాదంతా కథలు చెప్పినా చూడని డబ్బు నాకు ఒక్క జాతరలో మిగిలింది. మీరు అడిగిన "అప్పట్లో ఎంత ఇచ్చేవారు" అన్నదానికి ఇదే నా లెక్క. కాగితం కూడా రాయించుకున్నాను, వేలిముద్రతో. అందులో "సర్వహక్కులూ" అన్న మాట నేనే రాశాను. ఎక్కడో పెద్ద కంపెనీ కాగితంలో చూసి రాశాను తప్ప దాని అర్థం నాకూ పూర్తిగా తెలియదు.

తెలిసింది 2001 తర్వాత. ఎంపీ3 సీడీ వచ్చింది. ఒక్క సీడీలో నూటయాభై పాటలు. ఆరు నెలల్లో మా మడిగె ముందు జనం పలచబడ్డారు. అప్పుడొక ఆడియో కంపెనీ వచ్చి నా మాస్టర్లన్నీ, అంటే అసలు రికార్డింగ్‌లన్నీ, ముప్పైకి పైగా ఆల్బమ్‌లు, ఒకే మొత్తానికి కొంటామంది. డెక్కులు తుక్కు కింద పోతున్న రోజులు. సంతోషంగా సంతకం పెట్టాను. మూడు నాలుగేళ్లకు మొబైల్ ఫోన్లకు కాలర్ ట్యూన్లు వచ్చాయి. ఒకరోజు మిర్యాలగూడలో బియ్యం మిల్లు యజమానికి ఫోను చేస్తే, "హలో" కంటే ముందు నా బతుకమ్మ ఆల్బమ్‌లోని పాట వినిపించింది. ఒక్కో ఫోనుకు నెలకు ముప్పై రూపాయలు చొప్పున జనం కడుతున్నారు. ఆ పాట పాడిన ఆవిడ అప్పటికి నార్కట్‌పల్లి దగ్గర పత్తి ఏరుతోంది. ఆమెకు రూపాయి లేదు, నాకూ లేదు. ఇంటికి పోయి పెట్టెలోంచి కాగితం తీసి చదివాను. "ఇకపై రాబోయే అన్ని మాధ్యమాలలో." సంతకం పెట్టిన రోజు అది కాగితం నింపడానికి రాసిన మాట అనుకున్నాను.

ఆ మాట విలువ తెలిసినవాళ్లు ఎక్కడ ఉన్నారో చూడండి. హెచ్ఎంవీ పేరు మార్చుకుని సరిగమ అయింది, 2017లో కార్వాన్ అనే రేడియో లాంటి పెట్టెలో 5,000 పాత పాటలు పోసి అమ్మింది. టీ-సిరీస్ 2019లో యూట్యూబ్‌లో పది కోట్ల చందాదారులు దాటిన మొదటి ఛానల్ అయింది. లక్క ప్లేటు పోయింది, క్యాసెట్ పోయింది, సీడీ పోయింది. బీరువాలోని కాగితాలు మాత్రం ప్రతిసారీ కొత్త ధర పలికాయి.

ఇప్పుడు మీ కాగితానికి వస్తాను. మీ నాలుగు నిమిషాల పాటలో ఒక్క హక్కు కాదు, మూడు ఉన్నాయి. ఒకటి, మాటా బాణీ. పాత నాటు పాట మీ అమ్మదీ కాదు, మీదీ కాదు, ఛానల్‌దీ కాదు. తరాలుగా మడుల్లో నడిచింది, దాన్ని ఎవరూ కొనలేరు. కొత్త నాలుగు చరణాలు మాత్రం అచ్చంగా మీవి. మీ జీవితకాలమూ, ఆ పైన 60 ఏళ్లూ వాటి మీద కాపీరైట్ ఉంటుంది. రెండు, రికార్డింగ్, అంటే మాస్టర్. ఇది ప్రచురించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. చట్టం దృష్టిలో దీని కర్త పాడినవారు కాదు, పూనుకుని బాధ్యత పెట్టుకుని తయారు చేయించిన నిర్మాత. మూడు, పాడినవారి హక్కు, 50 ఏళ్లు. మీ అమ్మ వంత పాడి ఉంటే ఆమెకూ ఇది ఉంటుంది, డోలక్ అబ్బాయికీ ఉంటుంది. వాళ్లిద్దరి దగ్గరా చిన్న కాగితం ముందే తీసుకోండి.

రెండోదాని దగ్గర కాస్త ఆగండి. 18 వేలు పెట్టింది మీరు, స్టూడియో మాట్లాడింది మీరు. నిర్మాత మీరే! వాళ్లు ఇస్తున్నది పాటకు పారితోషికం కాదు, మీ సొంత ఆస్తికి కొనుగోలు ధర. ఖర్చు తీసేస్తే మీకు మిగిలేది 7 వేలు.

కాగితంలోని పెద్ద మాటలు ఊరికే రాలేదు. గడువు రాయకపోతే హక్కుల బదిలీ ఐదేళ్లే చెల్లుతుందని చట్టం అంటుంది, అందుకని "శాశ్వతంగా" అని రాస్తారు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే, అందుకని "ప్రపంచమంతటా". తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే అది జారిపోతుంది, వేరేగా రాసుకుంటే తప్ప; మీ కాగితంలో ఎక్కడో ఆ వాక్యం కూడా ఉండే ఉంటుంది, వెతకండి. ఇక నన్ను ముంచిన మాట సంగతి: 2012 సవరణ తర్వాత, రాసుకున్న రోజుకు లేని మాధ్యమాన్ని పేరుపెట్టి ప్రత్యేకంగా చెప్పకపోతే అది బదిలీ కిందికి రాదు. ఆ సవరణ ఇంకోటి కూడా ఇచ్చింది. సినిమాలో భాగం కాని రికార్డింగ్ కోసం మీ హక్కులు రాసిచ్చినా, ఆ రచన ఏ రూపంలో వాడినా వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా అడిగే హక్కు పోదు. కాబట్టి ఆ నాలుగు చరణాలు కట్టినవారిగా మీ పేరు కాగితంలో ఉండాలి. "జానపదం" అని ఒక్క మాట రాసి వదిలేస్తే మీ నాలుగు చరణాలు గాలికి పోయినట్టే. 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్ అనే సంఘం రచయితలకూ సంగీతకర్తలకూ రాయల్టీ వసూలు చేసిపెడుతుంది. సభ్యత్వం తీసుకుని ఈ పాట నమోదు చేయించండి.

ఇంకో ప్రమాదం చాలామందికి తట్టదు. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ఉంది. హక్కుదారు ఇచ్చిన రికార్డింగ్‌ను మిగతా వీడియోలతో పోల్చి, కలిసిన చోట క్లెయిమ్ వేస్తుంది. మాస్టర్ రాసిచ్చేశాక, రేపు మీ చెల్లెలి పెళ్లి వీడియోలో ఇదే పాట వేసుకుంటే ప్రకటనల డబ్బు వాళ్లకు పోతుంది. అభ్యంతరం పెట్టవచ్చు, కానీ కాగితం మీద మీ సంతకమే ఉంటుంది కదా.

ఛానల్ వాళ్లను దొంగలనడం లేదు. వాళ్ల దగ్గర తయారుగా ప్రేక్షకులు ఉన్నారు, దానికి విలువ ఉంది. మీరే ఛానల్ పెడితే 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ దాటాక గానీ ప్రకటనల ఆదాయంలో పూర్తి వాటా మొదలుకాదు. ఆ వాటా మామూలు వీడియోల మీద 55 శాతం. అక్కడికి చేరడానికి ఒక్క పాట చాలకపోవచ్చు. అందుకే అమ్మకం వద్దు, కౌలు ఇవ్వండి. చేను కౌలుకిచ్చినట్టే: ఇన్నేళ్లు, ఈ పంటకు, ఇంతకు.

పోయినేడు నేను రాసిన కాగితం ఒకటి ఉంది. ఆ ఒగ్గు కథ పెద్దాయన మనవడు వెతుక్కుంటూ వచ్చాడు, తాత గొంతు కావాలని. కంపెనీకి అమ్మిన మాస్టర్లలో ఆ కథ లేదు. జాతర అయిపోయింది కదా అని జాబితాలోనే రాయలేదు. అటక మీద దొరికింది. టేపును హెడ్‌కు ఒత్తే స్పాంజి ఊడిపోయి ఉంది. నాలుగు మరలు విప్పి చుట్టలను మంచి డబ్బాలోకి మార్చి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మొదటి పక్క చివర "ఆ మంద ఏమాయెనో" తర్వాత రెండు క్షణాలు నిశ్శబ్దం, ఆ వెనక సన్నగా నా గొంతు, "చాలు తాతా" అని. అది కత్తిరించమంటావా అని అడిగితే అబ్బాయి వద్దన్నాడు.

1994 నాటి వేలిముద్ర కాగితం చింపి, అర పేజీ రాసిచ్చాను. రికార్డింగ్ కథకుడి వారసులదని, నాకు మూడేళ్లపాటు నా ఛానల్‌లో పెట్టుకునే అనుమతి మాత్రమేనని, వచ్చినదాంట్లో సగం ఆరు నెలలకోసారి లెక్కతో సహా ఇస్తానని, సినిమా వాళ్లు గానీ ఇంకెవరు గానీ అడిగితే వాళ్లతో మాట్లాడేది అబ్బాయేనని, వీడియో కింద పెద్దాయన పేరూ బృందంలో అందరి పేర్లూ ఉండాలని. ఇద్దరం సంతకం పెట్టి చెరో ప్రతి ఉంచుకున్నాం.

ఛానల్ వాళ్లకు ఆ అర పేజీలాంటిదే పంపండి. మూడేళ్లకు బదులు ఐదేళ్లయినా ఒప్పుకోవచ్చు, పాతిక వేలను బయానాగా తీసుకుని వాటా అడగవచ్చు. కుదరదంటే వాళ్లు ఏ మాట దగ్గర పట్టుబట్టారో ఇక్కడే రాయండి. పేర్లు తీసేసిన నమూనా ఈ రాత్రికి ఈ జవాబు కిందే పెడతాను.